ఇటీవల చదివిన రెండు గ్రంథములు

మన పెద్దలు ఒకరినొకరు కలిసికొన్నప్పుడు వానలను గూర్చియు, పంటలను గూర్చియు, పిల్లల పెండ్లిండ్లను గూర్చియు అడిగిన పిమ్మట, "ఈ మధ్య ఏమి చదివితిరి?" అని అడుగుచుండెడివారు. ఆ ప్రశ్నకు గ్రంథము పేరు మాత్రము చెప్పిన చాలదు. అది నచ్చినదా, ఏల నచ్చినది, ఎచ్చట మనసు నిలువలేదు అని కూడ చెప్పవలెను. విన్నవారు ఒప్పుకొనవచ్చును, కాదనవచ్చును. ఆ ఒప్పుకోలు, కాదనుటలు రెండును కలిసినప్పుడే గ్రంథము ఇంటిలోనికి వచ్చినట్లు.

ఈ మర్యాద మనకు మాత్రమే చెందినది కాదు. తిరునెల్వేలిలో రసికమణి టి. కె. చిదంబరనాథ ముదలియారుగారి ఇంట "వట్టత్తొట్టి" అను గోష్ఠి జరుగుచుండెడిది. మిత్రులు గుండ్రముగా కూర్చుండి, తమిళ పద్యములను చదివి, వాని సొగసును గూర్చి మాటలాడుకొనుచుండిరి. ఆ రసికమణి స్నేహమును పొందిన యువకులలో ఇద్దరు కోవిల్‌పట్టి దాపునగల ఇడైసేవల్ గ్రామమువారు. ఒకరు కు. అళగిరిసామి, రెండవవారు కి. రాజనారాయణన్. అళగిరిసామి 1923లో జన్మించినవారు. ఊరు విడిచి వెళ్లిన పిమ్మట అళగిరిసామి తన మిత్రునకు వ్రాసిన లేఖలు తరువాత గ్రంథముగా వెలువడినవి. ఆ మిత్రుని ఇంటి భాష తెలుగు. నేటి నా రెండవ గ్రంథము ఆయనదే కావున ఈ ప్రస్తావన చేసితిని. మొదటిదానిని గూర్చి ముందు చెప్పెదను.

మొదటిది చేమకూర వెంకటకవి విరచితమైన విజయవిలాసము, తాపీ ధర్మారావుగారి హృదయోల్లాస వ్యాఖ్యతో కూడినది. ఈ కావ్యము 17వ శతాబ్ది ఆరంభమున తంజావూరులో రఘునాథ నాయకుని ఆస్థానమున పుట్టినది. అర్జునుడు తీర్థయాత్రకు వెడలి ఉలూచిని, చిత్రాంగదను, సుభద్రను చేపట్టిన కథ మూడు ఆశ్వాసములలో సాగును. కథ భారతమున అందరు ఎరిగినదే. కవి ప్రతిభ కథలో కాక మాటలో కలదు. ఒక మాటను ఇటు విరిచిన ఒక అర్థము, అటు విరిచిన మరియొక అర్థము. ఆ మాటలలో చాలభాగము పెద్ద సంస్కృత సమాసములు కావు. మన వంటింటిలోను, పెరటిలోను తిరుగాడు తెలుగు మాటలే.

ఈ గ్రంథమును నేను పడుచుదనమున ఒకమారు చదివి, ఇది పండితుల వినోదమని అటక మీద పెట్టితిని. మరల చదువగా నా అభిప్రాయము మారినది. అందుకు కారణము వ్యాఖ్య. తాపీవారు పద్యమునకు ప్రతిపదార్థము చెప్పి చేతులు దులుపుకొనలేదు. ఈ మాట ఇచ్చట ఏల పడినది, మరియొక మాట పడిన ఏమి పోయెడిది అని వాడుక భాషలో, ఎదుట కూర్చున్నవానికి చెప్పినట్లు చెప్పిరి. ఆ వ్యాఖ్యకు 1971లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. వ్యాఖ్యాత 1887లో బరంపురమున జన్మించినవారు. ఆ పట్టణము 1936లో ఒడిస్సా రాష్ట్రమున చేరినది. కావేరి ఒడ్డున పుట్టిన కావ్యమునకు గంజాము సీమలో పుట్టినవారు వ్యాఖ్య వ్రాసిరి. కావ్యమును, వ్యాఖ్యాతయు నేటి ఆంధ్రప్రదేశపు ఎల్లలకు వెలుపలనే పుట్టుట మనబోటి కుటుంబములు గుర్తుంచుకొనదగిన సంగతి.

అయినను ఈ కావ్యమునందు నాకొక వెలితి కనబడినది. కవి ఉన్నది తమిళసీమలో. ఆ కాలమున ఆ సీమలో తెలుగు రైతులును, నేతగాండ్రును, సిపాయిలును కాపురముండిరి. వారి బ్రతుకు ఇందు లేదు. ఇది కొలువుకూటపు కావ్యము. కావ్యధర్మము అట్టిది కావున కవిని తప్పు పట్టను. కాని "మన పూర్వులు ఇచ్చటికి ఎట్లు వచ్చిరి, ఏమి తిని బ్రతికిరి?" అని అడుగువారికి ఈ గ్రంథము సమాధానము చెప్పదు.

ఆ సమాధానము రెండవ గ్రంథమున దొరకినది. అది 1976లో వెలువడిన కి. రాజనారాయణన్‌గారి "గోపల్ల గ్రామం" అను తమిళ నవల. మొదట నేను చదువలేదు, మా మనుమడు చదివెను. వాడు మధురలో పుట్టి తమిళమున చదువుకొన్నవాడు. తెలుగు మాటలాడును, కాని చదువనేరడు. ఒకనాటి మాపు ఆ పుస్తకమును చేతబట్టుకొని వచ్చి, "తాతా, మన అవ్వ గూడా ఇట్లాంటి కథే చెప్పేదా?" అని అడిగెను. ఆ ప్రశ్న నన్ను కదిలించినది. ఇన్నేండ్లుగా నేను చెప్పిన ఏ తెలుగు పద్యమును వానిచేత అట్టి ప్రశ్న అడిగింపలేకపోయినది.

నవల ఒక హత్యతో మొదలగును. బాటవెంట ఒంటరిగా వచ్చుచున్న నిండు చూలాలిని ఒక దొంగ నగలకాశపడి చంపును. ఆమె ప్రాణము పోవుచు వాని కాలివ్రేలిని పండ్ల బిగించి విడువదు. వానిని పట్టుకొని విచారించు ఊరే గోపల్ల గ్రామము. ఆ ఊరి పెద్దయింట నూటముప్పది యేడేండ్ల ముదుసలి మంగత్తాయారు కలదు. ఆమె నోట వలస కథ వినవచ్చును. చెన్నాదేవి అను చక్కని పిల్లను ఒక తురకరాజు కోరగా, బంధువులందరు రాత్రికి రాత్రి ఊరు విడిచిరి. ఏరు అడ్డమురాగా ఒడ్డునున్న చెట్టు వంగి వారికి దారి యిచ్చెను. దక్షిణమున నల్లరేగడి అడవికి వచ్చి, అడవిని కాల్చి, దుక్కి దున్ని ఊరు కట్టిరి. ఈ నవలకు నాయకుడొక్కడు లేడు, ఊరే నాయకుడు.

నా ఆక్షేపణ ఒకటి చెప్పవలెను. మంగత్తాయారు కథను చరిత్రమని నమ్మరాదు. ఇట్టి కథయే, పేర్లు మాత్రము మార్చి, దక్షిణాదిన పలు తెలుగు కులములవారు చెప్పుకొందురు. మా ముత్తవ్వ చెప్పిన కథలోను ఏరు కలదు, చెట్టు కలదు. విజయనగర ప్రభువుల ఏలుబడియు, నాయకరాజుల సేనలును, ఖాళీగా పడియున్న రేగడి నేలలును మనవారిని దక్షిణమునకు తెచ్చిన కారణములలో ముఖ్యమైనవి. ఒక రాజు దౌష్ట్యమునే కారణముగా పట్టుకొని నేటి పొరుగువారిపై అనుమానము పెంచుకొన్నచో అది నవలకును అన్యాయము, మనకును చేటు. రచయిత ఈ కథను తన మాటగా చెప్పక ముసలమ్మ నోట చెప్పించెను. పుక్కిటి పురాణమును పుక్కిటి పురాణముగానే ఉంచుట ఆయన వివేకము.

ఇక ఈ రెండు గ్రంథములలో ఏది మనది? నన్నడిగిన రెండును మనవే. ఒకదానియందు భాష కలదు, బ్రతుకు లేదు. రెండవదానియందు బ్రతుకు కలదు, భాష మారినది. "గోపల్ల గ్రామం" నాకిచ్చిన సంతోషమును దాచను, దానివలన కలిగిన దిగులును దాచను. మన వలస కథను ఇంత గొప్పగా వ్రాసినవాడు మన ఇంటి బిడ్డయే, కాని ఆయనకు చేతికి వచ్చిన భాష తమిళము. దానికి తరువాయిగా ఆయన వ్రాసిన "గోపల్లపురత్తు మక్కళ్" నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది, తమిళ రచనగా. కథ దక్కినది, భాష దాటిపోయినది. ఇందుకు ఆయనను ఏమనగలము? తెలుగు బడి లేనిచోట పెరిగినవాడు తెలుగున వ్రాయలేదని అడుగు హక్కు మనకు లేదు.

మరి మనము చేసినదేమి? మా ఇంట అన్నమును నేటికిని "కూడు" అందుము. కొన్నేండ్ల క్రిందట కృష్ణాతీరమునుండి వచ్చిన బంధువు ఒకరు ఆ మాట విని, "కూడు ఏమిటండీ, భోజనం అనాలి" అని నవ్విరి. అందరితోపాటు నేనును నవ్వితిని. ఆనాటినుండి మా మనుమడు అతిథుల యెదుట తెలుగు మాటలాడుట మానెను. నేను నవ్వకయుండిన బాగుండెడిది. ఆ మాట తప్పు కాదు, పాతది. రాజనారాయణన్‌గారు తమ కరిసల్ సీమ పల్లెటూరి తమిళ మాటలను ఏరి నిఘంటువు కూర్చిరి. మనము మన ఇంటి మాటలను దిద్దుకొని పారవేసితిమి. ఈ వ్యాసమును పాతపోకడ భాషలో వ్రాయుచున్న నేను కూడ ఆ దోషమున పాలివాడనే.

మనుమని ప్రశ్నకు సమాధానముగా మా ముత్తవ్వ కథ చెప్పితిని. మరునాడు విజయవిలాసము తెరచి కొన్ని పద్యములు పైకి చదివితిని. శ్లేష చెవికి తెలియును, లిపితో దానికి పనిలేదు. మూడవ పద్యమునకు వాడు మాట విరుపు తానే కనిపెట్టి పకపక నవ్వెను. అటుపిమ్మట వాడు తమిళ నవలనుండి ఒక ప్రకరణము చదువును, నేను తెలుగు కావ్యమునుండి రెండు పద్యములు చదువుదును. పిమ్మట ఇద్దరము అభిప్రాయములు చెప్పుకొందుము. చేమకూరకవికి మాటల గారడి ఎక్కువైనదని వాడనును, నేను కాదందును. మా వాదమంతయు తెలుగుననే సాగును.

మన కుటుంబములన్నిట ఈ పద్ధతి సాగునని చెప్పజాలను. కాని లిపి రాని పిల్లలకు చెవి కలదు, లిపి వచ్చిన పెద్దలకు నోరు కలదు. తమిళ, కన్నడ, ఒరియా, మరాఠీ గ్రంథములలో మన కథ కనబడినచో దానిని పరాయిదని త్రోయక ఇంటికి తెచ్చుకొని తెలుగున మాటలాడుకొనవచ్చును. కావున ఈ సంచిక చేతికందినవారు ఒకరినొకరు కలిసినప్పుడు మరల ఆ పాత ప్రశ్న వేయుదురుగాక. ఇంటి పిల్లలనుకూడ అడుగుదురుగాక. వారు చెప్పు సమాధానమున మాట ఏదైన తప్పిన, దయచేసి ఎవరును నవ్వకుందురుగాక.