బొల్లి: మచ్చ, మాట, నింద – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
చర్మానికి రంగునిచ్చే కణాలు నశించి తెల్లమచ్చలు ఏర్పడే స్థితిని తెలుగులో 'బొల్లి' అంటారు. శరీర రక్షణవ్యవస్థ తన కణాలపైనే దాడి చేయడం దీనికి ప్రధాన కారణమని ఆధునిక వైద్యం గుర్తించింది. ఇది అంటువ్యాధి కాదు, ప్రాణాంతకమూ కాదు. అయినా దీనితో జీవించేవారి వేదన గాఢమైనది. ఆ వేదనలో భాషకున్న పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పరిశీలన – తీర్పు:
ప్రాచీన వైద్యగ్రంథాలు దీనిని 'శ్విత్రం', 'కిలాసం' అన్నాయి. సుశ్రుతసంహిత దీనిని కుష్ఠభేదంగా చెబుతూనే, ఇది చర్మానికే పరిమితమనీ, స్రావం ఉండదనీ తేడా చూపింది. చరకసంహిత విరుద్ధాహారంతో పాటు అసత్యభాషణం, కృతఘ్నత, దేవతానింద, గురుతిరస్కారం, పాపకర్మలను కారణాలుగా పేర్కొంది. మొదటిది పరిశీలన, రెండవది నైతికమైన తీర్పు. లోకవ్యవహారంలో తీర్పే బలంగా నిలిచింది.

పేరు తెచ్చిన ముప్పు:
ఆయుర్వేదంలో కుష్ఠం పలు చర్మరోగాల సముదాయం. వాడుకలో 'కుష్టు' ఒకే వ్యాధికి పేరయ్యాక, 'తెల్లకుష్టు' అనే మాట బొల్లికి లేని అంటుభయాన్ని అంటగట్టింది. కుష్టు మచ్చలో స్పర్శజ్ఞానం తగ్గుతుంది. బొల్లి మచ్చలో అది చెక్కుచెదరదు. 1955 హిందూ వివాహచట్టం నయంకాని తీవ్ర కుష్టును విడాకులకు కారణంగా చేర్చింది. ఆ నిబంధన 2019లో గాని తొలగలేదు. పేరు కలిసినందుకు ఆ భయంలో బొల్లికీ వాటా దక్కింది.

'కల్లబొల్లి మాటలు', 'మచ్చలేని మనిషి' వంటి పలుకుబళ్ల మూలాలు ఎలా ఉన్నా, బొల్లి ఉన్నవారి చెవికి అవి తమ దేహాన్నే ఎత్తిచూపుతాయి. నగరపు రద్దీలో మచ్చ కొంత మరుగున పడవచ్చు. జన్వాడ వంటి ఊరిలో ఇంటింటికీ ఎరుక ఉంటుంది; పెళ్లిమాటల్లో అక్క మచ్చ చెల్లెలి సంబంధానికీ అడ్డు కాగలదు. నిండుచేతుల దుస్తులు, విందులకు దూరం, ఫొటోల్లో వెనుకవరుస ఆ భయానికి దైనందిన రూపాలు.

ముగింపు:
'బొల్లి'ని 'విటిలిగో'గా మార్చినంత మాత్రాన నింద తొలగదు. కొత్త పేరుకూ పాత భయం అంటుకోగలదు. కుష్టుతో ముడిని విప్పడం, కుష్టుపై ఉన్న వెలినీ ప్రశ్నించడం రెండూ అవసరం. 'మాది అది కాదు' అని తప్పుకోవడంతో ఒకరి నింద మరొకరి నెత్తికి చేరుతుంది. పాత్ర దేహంపై మచ్చను గుణానికి గుర్తుగా వాడిన ప్రతి రచననూ సాహిత్యవిమర్శ ఈ దృష్టితో తిరిగి చదవవలసి ఉంది.