మాధవి అడిగే ప్రశ్నలు

కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ కంటే ముందు ఆమె జడ వస్తుంది. ఇద్దరు పట్టిన తెర మీదుగా పొడవాటి జడ ఇవతల పడుతుంది. అది పందెం. ఆటలో, పాటలో, శాస్త్రంలో తనను మించినవారెవరైనా ఉంటే వచ్చి దాన్ని కోయవచ్చు. పందెం కట్టినవాడు స్త్రీ వేషంలోని పురుషుడు. కూచిపూడిలో తరతరాలుగా సత్యభామ వేషం మగవాళ్లే వేసేవారు. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు.

గుడివాడ నుంచి పామర్రు మీదుగా దివిసీమకు దిగే దారిలో ఉన్న కూచిపూడి ఊరి కలాపాన్ని సిద్ధేంద్రయోగి రాశాడని సంప్రదాయం చెబుతుంది. అందరూ సత్యభామను పొగుడుతారు. నా దృష్టిలో ఆటకు ప్రాణం సూత్రధారుడు. తాళం వేసేదీ, పాట అందుకునేదీ అతనే. వేషం మార్చకుండానే సత్య దగ్గర చెలికత్తె మాధవి అవుతాడు, కృష్ణుడి దగ్గర మాధవుడవుతాడు. దరువులకూ పద్యాలకూ రాగతాళాలు కట్టి ఉంటాయి. వాటి మధ్య వచ్చే సంభాషణ మాత్రం సాగుతుంది, కుదించుకుంటుంది, ఆ రాత్రి సభను బట్టి కొత్త మాటలు తొడుక్కుంటుంది.

మొగుడి పేరు చెప్పమని మాధవి అడుగుతుంది. సత్యకు సిగ్గు. సైగలు చేస్తుంది, గుర్తులు చెబుతుంది. మాధవి ఏమీ తెలియనట్టు మరో ప్రశ్న వేస్తుంది. సత్య రాసిన లేఖను కృష్ణుడికి చేరవేయడానికి ముక్కెర కావాలంటుంది. సత్యకు ముక్కెర మీద మమకారం, మొగుడి మీద విరహం. ఆ రెండింటి మధ్య ఆమెను ఎంతసేపు నలిపితే జనం కదలకుండా కూర్చుంటారో సూత్రధారుడికి తెలియాలి. అది ఏ ప్రతిలోనూ రాసి ఉండదు.

అమెరికాలో 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలోనూ సూత్రధారుడిలాంటి పెద్ద ఒకరుంటారు. ఆయన కథ నడుపుతుంటే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పాత్రలై తామేం చేస్తామో చెబుతారు. ఆ ఆట కోసం 1978లో మైక్ కార్ ‘ఇన్ సెర్చ్ ఆఫ్ ది అన్‌నోన్’ అనే సాహసగాథ రాశాడు. పాడుబడిన కోటలోని గదులన్నీ వర్ణించి, ఏ గదిలో ఏ భూతం, ఏ నిధి ఉండాలో చాలావరకు ఖాళీగా వదిలాడు. జాబితాల్లోంచి ఏరి నింపడం ఆట నడిపేవాడి పని. కొత్తవాళ్లకు ఆట నడపడం అలా అబ్బుతుందని కార్ నమ్మకం. ఆ ఆటకు ముగింపు ముందే తెలియదు. మన కలాపంలో కృష్ణుడు వస్తాడని పసిపిల్లలకూ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చునేవాళ్లంటే, ఆ ఘనత మాధవి ప్రశ్నలదే.

ఇప్పుడు వేదికల మీద ఎక్కువగా కనిపించేది సత్యభామ ప్రవేశ దరువు ఒక్కటే, ఏక పాత్ర నృత్యంగా. పది నిమిషాల్లో అయిపోతుంది. అందులో అందానికి లోటు లేదు. కానీ ఎదురు ప్రశ్న లేని సత్యకు గర్వమే మిగులుతుంది. ఆ గర్వం కరిగి, లేఖ రాయడానికి చేయి వణికే ఘట్టం దాకా కథ చేరదు. అక్కడికి చేర్చాలంటే పద్యం, తాళం, ఛలోక్తి మూడూ నోట ఉన్న సూత్రధారులు కావాలి. దరువు నేర్చుకునే పిల్లల్లో ఒకరిని సత్యగా నిలబెట్టినప్పుడు, పక్కనున్న పిల్లను మాధవిగా కూర్చోబెట్టి, సొంతంగా ప్రశ్నలు అడగమనడంతో ఆ శిక్షణ మొదలుపెట్టవచ్చు.