పాడుపడిన వాడలో ప్రార్థన

ఎడ్విన్ ఓకానర్ 1961లో ప్రకటించిన 'ది ఎడ్జ్ ఆఫ్ సాడ్‌నెస్' నవలకు మరుసటి సంవత్సరమే పులిట్జర్ బహుమానం లభించినది. ఇది తన కథ కాదని మొదటనే చెప్పి, తుదివరకు తన కథనే చెప్పుకొనే ఒక కతోలిక గురువు ఇందులో కథకుడు.

హ్యూ కెనడీ అమెరికాలోని ఐరిష్ కతోలికుల బిడ్డ. తండ్రి మరణానంతరం మద్యానికి లోబడి, అరిజోనాలో నాలుగేండ్లు గడిపి, కోలుకొని తిరిగివస్తాడు. మేత్రాణులు అతనికి అప్పగించినది ఓల్డ్ సెయింట్ పాల్స్ విచారణ. ఒకప్పుడు ఐరిష్ కుటుంబాలతో కళకళలాడిన గుడి అది. వారు కలిమి కలిగి వెడలిపోగా, నానాదేశాల పేదలు ఆ వాడలో తలదాచుకొన్నారు. గుడి పెద్దది, వచ్చేవారు కొద్దిమంది.

ఇరుగుపొరుగు చెదరినందువల్లనే విశ్వాసం సడలినదని విలపించడం పరిపాటి. ఓకానర్ చూపు ఇంకను లోతైనది. హ్యూ విశ్వాసం ఎండిపోయినది జనంతో నిండుగా ఉన్న విచారణలోనే. సభలు, పరామర్శలు, జనుల ఆదరం - ఈ సందడిలో ప్రార్థన ఎప్పుడు సన్నగిల్లినదో అతడే ఎరుగడు. తర్కించి నాస్తికుడైనవాడు కాడు. తండ్రి పోయిననాడు ఆధారం కోసం లోపల తడుముకొంటే చేతికేమీ తగలలేదు, అంతే.

తెలుగు అనువాదకునికి ఇక్కడ ఒక భాగ్యం ఉన్నది. ఆంగ్లంలోని 'పారిష్'కు మూలమైన గ్రీకు పదంలో పొరుగున ఉండడం, పరవాసం అనే రెండర్థాలూ ఉన్నవి. తెలుగు కతోలికులు దానిని 'విచారణ' అంటారు. యోగక్షేమాలు విచారించడమే ఆ మాటలోని ప్రాణం. హ్యూ తన క్రొత్త జనులను విచారించడు. ఉత్సాహవంతుడైన పోలిష్ సహాయగురువు డనౌస్కీకి గుడి పనులు వదలి, ధనికుడైన వృద్ధుడు చార్లీ కార్మొడీ ఇంట పాత ముచ్చట్లలో మునుగుతాడు. చార్లీ కుమారుడు, తానూ గురువే అయిన జాన్, ఈ పలాయనాన్ని మొగంమీదనే ఎత్తిచూపుతాడు. తలుపు తట్టే తన జనులంటే విసిగిపోయిన జాన్ నోట ఆ మాట రావడం ఓకానర్ శిల్పానికి పరాకాష్ఠ.

జాన్ మరణించగా, పాత పరిచయాల నెలవైన సెయింట్ రేమండ్స్ విచారణను మేత్రాణులు హ్యూకు ఇవ్వజూపుతారు. అతడు వలదని ఓల్డ్ సెయింట్ పాల్స్‌లోనే నిలిచిపోతాడు. ఈ ఘట్టం బుద్ధికి ఒప్పుదలయే. కంటికి మాత్రం కొరత. కార్మొడీల వాగ్ధోరణికి పుటలకు పుటలు ధారపోసిన రచయిత, హ్యూ ఎవరికోసం నిలిచిపోయినాడో ఆ పేదలలో ఒక్కరినైనా కార్మొడీలంత నిండుగా మనకు పరిచయం చేయలేదు. హ్యూ వారిని చూడలేదు గనుక మనమూ చూడలేదని సమర్థింపవచ్చును. ఆ సమర్థన నవల మొదటి మూడు పాళ్లకు చెల్లుతుంది. అతడు కన్ను తెరచిన తరువాతి పుటలకు చెల్లదు.