మసిగుడ్డ కాలేని చీర

గృహవిజ్ఞాన శాస్త్రం ఇంటి పనిని శాఖలుగా విడదీసి బోధిస్తుంది. ఆహారం, పోషణ ఒక శాఖ కాగా వస్త్రాలు, దుస్తులు మరొక శాఖ. వనరుల నిర్వహణ, అంటే చేతిలో ఉన్న డబ్బును, పొద్దును, చోటును అవసరాలకు సరిపెట్టుకునే విద్య, ఇంకొకటి. హైదరాబాద్ సైఫాబాద్‌లోని గృహవిజ్ఞాన కళాశాల ఇటీవలి కాలంలో కమ్యూనిటీ సైన్స్ అన్న పేరు తీసుకున్నా, ఈ శాస్త్రంలో శాఖల ఆలోచన మాత్రం పోలేదు. పాఠం చెప్పడానికి అటువంటి గీతలు అవసరమే గాని, వాటిని గీసినవారికి మసిగుడ్డ గుర్తుకు వచ్చి ఉండదు. పొయ్యి మీది గిన్నెను దించడానికి, గట్టు మీద ఒలికినదాన్ని అద్దడానికి వాడే ఆ నూలుపీలిక పుట్టుక రీత్యా వస్త్రం, కొలువు రీత్యా వంటసామగ్రి, ఇల్లు సర్దేవారి లెక్కలో ఒక చీర చేరుకున్న చివరి మజిలీ.

నూలు చీర తెలుగు ఇంట్లో మెట్లు దిగుతూ బతికింది. మొదట పెట్టెలో దాచి పండుగలకు తీసే చీర, రంగు కాస్త వెలిశాక బయటికి కట్టే చీర, ఆపైన ఇంట్లో కట్టే చీర అయ్యేది. అంచు చిరిగిన దశలో దానిని చింపి ఒక ముక్కను పసిబిడ్డకు పొత్తిగుడ్డలుగానో ఉయ్యాలగానో, మరో ముక్కను బొంతకు పొరగానో వాడుకునేవారు. బొంత అంటే పాత చీరలను ఒకదానిపై ఒకటి పరచి, చేతి సూదితో ఆ కొస నుంచి ఈ కొస దాకా దూరపు కుట్లు వేసి బిగించిన పక్కగుడ్డ. అదీ చివికిన తరువాత గట్టిగా మిగిలిన ముక్కలు మసిగుడ్డలయ్యేవి, అవి నల్లబడితే నేల తుడిచే గుడ్డలయ్యేవి. ఉతికిన కొద్దీ నూలు మెత్తబడి నీటిని బాగా పీల్చుకుంటుంది గనుక, కింది మెట్టుకు దిగిన గుడ్డ ఆ మెట్టు పనికి కొత్తగుడ్డ కంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది. పురిటి బిడ్డకు పాతబట్ట వేసే ఆచారం వెనుక నమ్మకంతో పాటు ఈ అనుభవం కూడా ఉంది.

ఈ మెట్లవరుస ఎక్కడ తెగిందో చూడడానికి హైదరాబాద్‌లోని యూసుఫ్‌గూడ తగిన చోటు. అమీర్‌పేట మార్కెట్‌కు, పంజాగుట్ట బట్టల షోరూములకు కూతవేటు దూరంలో ఉన్న ఈ ప్రాంతంలో, కృష్ణానగర్ వైపు సినిమా పనివారి గదులు, మధురానగర్ వైపు ఉద్యోగుల ఫ్లాట్లు, బస్తీలో ఒకే మేడను మూడు నాలుగు వాటాలుగా చేసిన అద్దె ఇళ్లు కలిసి ఉంటాయి. అటువంటి వాటాను హైదరాబాద్‌లో పోర్షన్ అంటారు. 1962లో ఢిల్లీ నుంచి తరలివచ్చి, చిన్న పరిశ్రమలు పెట్టదలచినవారికి, వారికి తోడ్పడే అధికారులకు శిక్షణ ఇస్తూ, 2007లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థ అన్న పేరు పొందిన విద్యాలయం ఇక్కడే ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట వెలసిన ప్రభుత్వ మహిళా సాంకేతిక శిక్షణ సంస్థ కూడా ఇక్కడిదే. ఆ ప్రాంగణాల గోడలు దాటి సందులోకి తిరిగితే, కిటికీ పక్కన ఒకే ఒక కుట్టుమిషన్, గుమ్మానికి ఫాల్, పికో చేయబడునన్న అట్టముక్క కనిపిస్తాయి. చీర కుచ్చిళ్లు నిలవడానికి కింది అంచు లోపల కుట్టే పట్టీని ఫాల్ అని, కొంగు, అంచుల దారాలు పోకుండా వేసే సన్నని చుట్టుకుట్టును పికో అని అంటారు. సూక్ష్మ పరిశ్రమ అన్న మాటకు ఇంతకంటే సూక్ష్మమైన ఉదాహరణ దొరకదు.

కుట్టుపనిలోని తెలివి మిషన్ తొక్కడంలో కంటే కత్తెర పట్టకముందే ఎక్కువగా ఖర్చవుతుంది. చీరతో పాటు నేసి ఇచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ముందు భాగాలు, వీపు, రెండు చేతులు, కాజాల పట్టీ, హుక్కుల పట్టీ, నడుం పట్టీ అన్నీ అందులోంచే రావాలి. నిలువు దారాలను పడుగు అని, అడ్డదారాలను పేక అని, బట్ట వెడల్పును పన్నా అని అంటారు. పడుగు వెంట లాగితే బట్ట సాగదు, ఏటవాలుగా లాగితే సాగుతుంది; ఆ సాగే గుణం కోసమే ముందు భాగాలను ఏటవాలుగా కత్తిరిస్తారు, దానినే క్రాస్ కటింగ్ అంటారు. అలా కత్తిరించినప్పుడు బట్ట ఎక్కువ పడుతుంది, మూలల్లో త్రికోణపు ముక్కలు మిగులుతాయి. అనుభవం లేని చేయి ఆ ముక్కలను ఊడ్చిపారేస్తుంది, అనుభవమున్న చేయి వాటినే మెడ చుట్టూ పైపింగ్‌కు, అంటే అంచును మడిచి కుట్టే సన్నని గొట్టం వంటి పట్టీకి, దాచుకుంటుంది, ఎందుకంటే గుండ్రని మెడ మీద ముడత పడకుండా తిరగగలిగేది ఏటవాలు పట్టీ ఒక్కటే.

జాకెట్టును లోపలివైపు తిప్పి చూసినప్పుడు పక్క కుట్టు ఒకటి కాక రెండు మూడు వరుసలుగా కనిపిస్తుంది. మనిషి కాస్త ఒళ్లు చేస్తే లోపలి వరుస విప్పుకోవడానికి అనువుగా, వదిలిన గుడ్డ మీద ముందే వేసి ఉంచిన కుట్లు అవి. పెళ్లినాటి జాకెట్టు కాన్పు తరువాత కూడా పట్టడానికి కారణమైన ఆ రెండు వేళ్ల గుడ్డ రెడీమేడ్ దుస్తుల్లో సాధారణంగా దొరకదు. అక్కడ బట్ట ఆదా అయ్యేది తయారీదారుకు. అలాగే కొలతలు ఇవ్వడానికి టేపు ఉన్నా, ఒంటికి సరిపోయిన పాత జాకెట్టునొకదాన్ని తీసుకెళ్లి దర్జీకి ఇచ్చే పద్ధతి నేటికీ పోలేదు. దానిని ఆది జాకెట్టు అంటారు. తెలుగు వంట పుస్తకాల్లో కనిపించే ‘తగినంత’ అన్న మాటకు, ఆదికి దగ్గర చుట్టరికం ఉంది; రెండూ సంఖ్యను వదిలి సరిపోయిన అనుభవాన్ని కొలతగా తీసుకుంటాయి. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాల పాటు నడిపిన మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ అన్ని ముద్రణలు పొందడానికి, ఈ తగినంతను నేర్పే పెద్దదిక్కు లేని కాపురాలు పట్టణాల్లో పెరగడం ఒక కారణమై ఉండాలి.

ఇంట్లో మిషన్ ఉన్నవారు దానిని మూలన పెట్టడానికి చెప్పే కారణాల్లో దారం చిక్కుపడుతుందన్నది మొదటిది. మిషన్ కుట్టు రెండు దారాల పెనవేత: సూది దారం పైనుంచి దిగుతుంది, బాబిన్ అనే చిన్న కండె దారం కిందినుంచి వచ్చి దానితో ముడిపడుతుంది, ఆ ముడి బట్ట మందం మధ్యలో దాగాలి. బట్ట అడుగున దారం గుత్తులుగా పేరుకుంటే చాలామంది బాబిన్‌ను తప్పుపడతారు గాని, తప్పు తరచుగా పైదారానిదే. అది బిగువు పళ్లేల మధ్యకు సరిగా దిగకపోవడం వల్లనో, బిగువు తగ్గడం వల్లనో అలా జరుగుతుంది. మామూలు నూలుబట్టకు 14వ నంబరు సూది, పలుచని జారుడు బట్టకు 11వ నంబరు సూది వాడడం, మొన అరిగిన సూదిని మార్చడం తెలిస్తే సగం మిషన్లు మూల నుంచి కిటికీ దగ్గరికి వస్తాయి. యంత్రాలను అనుమానంగా చూసిన గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టుమిషన్‌ను మినహాయింపుగా అంగీకరించారు, ఆ మినహాయింపు సబబైనదే.

వంటింట్లోనూ మెట్లవరుస ఇదే తీరున నడిచింది. అన్నం వార్చినప్పుడు వచ్చే గంజి కొంత తాగడానికి పోగా మిగిలినది నూలు చీరలకు పెట్టేవారు, అంటే బియ్యపు పిండిపదార్థం కంచం నుంచి దండెం మీదికి వెళ్లేది. వంటకు, వస్త్రానికి మధ్య ఉన్న అతి పాత దారి అది. 1959 ప్రాంతంలో మన దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ మొదలై క్రమంగా మధ్యతరగతి వంటింటికి చేరిన తరువాత అన్నం వార్చడం తగ్గింది, గంజి మాయమైంది, చీరకు పెట్టే గంజిపొడి దుకాణంలో డబ్బా రూపంలో ప్రత్యక్షమైంది. ఇతర మిగుళ్లకు మాత్రం దారులు ఇంకా తెరిచే ఉన్నాయి. మొదటి రోజు ఇడ్లీ అయిన పిండి మూడోనాటికి పులిసి ఊతప్పానికో పునుగులకో పనికివస్తుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున తాలింపు అన్నమో మజ్జిగ పోసిన చద్దన్నమో అవుతుంది. పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పి ఇత్తడి చెంబును తోముతుంది. కొత్త చింతపండు రసంలో ఉల్లి, పచ్చిమిర్చి, కాస్త బెల్లం కలిపి పొయ్యి మీద మరిగించకుండానే చేసే తెలంగాణ పచ్చిపులుసును తక్కువ సామగ్రితో తక్కువ సేపట్లో అయ్యే వంటకు మేలైన నమూనాగా చెప్పవచ్చు.

ఇప్పుడు మళ్లీ చీర దగ్గరికి రావాలి. నేడు నిత్యం కట్టే చీరల్లో చాలా భాగం పాలిస్టర్‌వి. చవక, ఉతకడం తేలిక, ఇస్త్రీ అక్కరలేదు; రోజూ బస్సో మెట్రోనో ఎక్కి పనికి వెళ్లే స్త్రీ వాటిని ఎంచుకోవడాన్ని తప్పుపట్టడం అన్యాయం. అయితే ప్రామాణిక వాతావరణంలో నూలు తన పొడి బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచగలిగితే, పాలిస్టర్ పట్టి ఉంచేది 0.4 శాతం మాత్రమే. అది చెమటను పీల్చదు గనుక పసిబిడ్డకు పనికిరాదు, నీళ్లను పీల్చదు గనుక తుడుపుగుడ్డ కాలేదు, వేడికి కరుగుతుంది గనుక మసిగుడ్డగా వాడితే చేతికి అంటుకుని కాల్చే ప్రమాదం ఉంది. పైగా అది చిరగదు, చివకదు. దిగడానికి మెట్టు లేని ఆ చీర అల్మారాలోనే ఉండిపోతుంది, దాని మీద మరొకటి చేరుతుంది, అర నిండుతుంది, అర నిండాక మూటగట్టి సజ్జ మీదికి ఎక్కిస్తారు. యూసుఫ్‌గూడ పోర్షన్‌లో చోటు చాలకపోవడానికి గదుల కొలతలు ఎంత కారణమో, తరువాతి కొలువు దొరకని వస్తువులు అంతకు తక్కువ కారణం కావు. సర్దుకోవడమంటే డబ్బాలు కొనడమన్న అభిప్రాయం ప్లాస్టిక్ దుకాణాలకు మేలు చేసింది. ఆ డబ్బాలు కూడా చివరికి సజ్జ మీదికే చేరాయి.

చోటు విషయంలో ఐరోపా కూడా ఒకప్పుడు తల పట్టుకుంది. 1926లో మార్గరెట్ షూట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికవాడల ఇళ్ల కోసం సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవుతో వంటగదిని రూపొందించి, అడుగులు లెక్కపెట్టి, ప్రతి వస్తువునూ చేతికందే దూరంలో అమర్చారు. నేల మీద పీట వేసుకుని, ఎడమవైపు కత్తిపీట, కుడివైపు పోపుల డబ్బా, ఎదురుగా పొయ్యి పెట్టుకుని వండిన తెలుగు స్త్రీ ఆ సూత్రాన్ని లెక్కలు లేకుండానే పాటించింది; గ్యాసు పొయ్యి గట్టెక్కిన తరువాతే ఆమెకు వంటింట్లో నడక మొదలైంది. గుండ్రని స్టీలు డబ్బాలో ఆవాలు, జీలకర్ర, మినపప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, పసుపు చిన్న గిన్నెల్లో ఒదిగే పోపుల డబ్బా, ఇంటి అమరికకు నేటికీ సాటిలేని పాఠం: నిత్యం వాడేవే అందులో ఉంటాయి, నెలకొకసారి వాడేది అందులో చొరబడదు. మగవారికి తెలియకుండా నాలుగు నోట్లు దాచుకునే చోటు కూడా అదే కావడం వేరే సంగతి.

పాత ఇంటి పొదుపును ఇంతగా మెచ్చుకునేటప్పుడు ఒక హెచ్చరిక అవసరం. బొంత కుట్టిన మధ్యాహ్నాలకు కూలి ఎవరూ కట్టలేదు. నరసాపురం ప్రాంతపు లేసు పనివారిపై మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం, రోజుకు గంటల తరబడి అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లిన స్త్రీలను గృహిణులుగాను, వారి శ్రమను తీరిక వేళ కాలక్షేపంగాను లెక్కించి అతి తక్కువ కూలి ఇచ్చిన తీరును బయటపెట్టింది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. కనుక మసిగుడ్డను మళ్లీ వంటింటికి తెమ్మన్న సలహా స్త్రీకి మాత్రమే చెబితే, అది పొదుపు పేరిట మరో గంట పని అప్పగించడమే అవుతుంది. బాబిన్‌కు దారం చుట్టడానికి, ఊడిన హుక్కు కుట్టడానికి, పిండి పులిసిందో లేదో చూడడానికి మగచేతులకు అడ్డేమీ లేదు. వీధిలో దర్జీలుగా మగవారు తరతరాలుగా కుడుతూనే ఉన్నారు, ఇంటి గడప లోపలే ఆ విద్య ఆడపని అయిపోయింది.

పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవారు ఈ సందుల్లో తిరిగినప్పుడు నూలుకు, జరీకి ఇచ్చే విలువ పాలిస్టర్‌కు ఇవ్వరు, ఆ తూకంలో ఒక వస్త్రశాస్త్ర పాఠమే ఉంది. కొత్తగా కుట్టు మొదలుపెట్టేవారు కూడా నూలుతోనే, అందులోనూ దిండు గలేబుతోనో జాకెట్టు లైనింగ్‌తోనో మొదలుపెట్టడం మేలు. లైనింగ్ అంటే పలుచని బట్టకు లోపల వేసే నూలుగుడ్డ. అది మొదటి తడికి కుంచించుకుపోతుంది, తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే పైబట్ట ముడతలు పడుతుంది. ఆదివారం కత్తెర పట్టదలచినవారు శనివారం రాత్రే లైనింగ్‌ను నీళ్లలో నానవేసి, పిండకుండా నీడన ఆరేయాలి.