పోచంపల్లి ఉమ్మడి ఆస్తి

పోచంపల్లి ఇక్కత్ అన్న పేరు ఎవరి సొత్తు? చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్టరులో హక్కుదారులుగా ఇద్దరున్నారు. ఒకటి పోచంపల్లి చేనేత సహకార సంఘం, రెండోది అక్కడి టై అండ్ డై పట్టుచీరల తయారీదారుల సంఘం. ఒకే బజారులో చీరలమ్ముకునే ఈ రెండూ ఒకే దరఖాస్తులో కలిసి నిలబడ్డాయి. 2004-05లో, డార్జిలింగ్ టీతో మొదలైన తొలి విడతలోనే గుర్తింపు సాధించాయి. సరుకు పుట్టుపూర్వోత్తరాలు, దాని ప్రత్యేకత, తయారయ్యే ప్రాంతపు పటం, తనిఖీ ఏర్పాటు: ఇన్ని కాగితాలు సిద్ధం చేసే ఖర్చు మగ్గం మీద బతికే ఒక్క ఇల్లు మోయలేదు. సంఘాలు ఎత్తుకున్నాయి కాబట్టి అందరికీ దక్కింది.

ఇంతకీ కాపాడుకున్నది ఏమిటో దగ్గరగా చూడాలి. ముందు ఆసు పోస్తారు. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడాలి. ఇన్నేళ్లూ ఆ భుజం నొప్పి ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. చింతకింది మల్లేశం అనే నేతగాడు తన తల్లి పడే బాధ చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ తర్వాత పోగుల కట్టలపై గీతలు గీసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు పీలికలు బిగించి కడతారు. ముంచడం, విప్పడం, మరో రంగుకు మళ్లీ కట్టడం. ఒక్కో ముడి కింద ఎన్నో పోగులుంటాయి, ఆ ముడి పక్కకు జరిగితే వాటన్నిటి మీదా పువ్వు చెదురుతుంది. పడుగుకూ పేకకూ రెండింటికీ ఇలా చిటికి (ముడులు) కట్టిన చీరనైతే మగ్గం మీద పోగు పోగూ సర్దుతూ నేయాలి. అంచుల్లో రంగు కాస్త పాకినట్టుండే ఆ అందం అచ్చు గుడ్డకు రాదు. అనుమానమొస్తే చీర తిరగేసి చూడండి: అచ్చువేసింది వెనకవైపు వెలవెలబోతుంది, ఇక్కత్ రెండు వైపులా ఒకేలా పలుకుతుంది.

నాకు చట్టంలోని పనితనం కూడా అంతే ముచ్చటగా అనిపిస్తుంది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం ఈ పేరుకు ఏ ఒక్క వ్యాపారీ సొంతదారు కాలేడు, ఉత్పత్తిదారుల తరఫున నిలిచే సంఘమో సంస్థో కావాలి. 24వ సెక్షన్ మరీ గట్టిది. ఈ హక్కును అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, లైసెన్సుకివ్వడానికి వీల్లేదు. నేతగాడు అధీకృత వినియోగదారుగా నమోదైతే, అతని తదనంతరం హక్కు వారసులకు వెళ్తుంది. అప్పులవాడు మగ్గం పట్టుకుపోగలడేమో గానీ పేరు జోలికి రాలేడు.

ఆ నమోదు రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు దించారు. ఇక మిగిలింది ప్రతి మగ్గం ఇంటికీ ఆ కాగితం చేర్చడమే. దరఖాస్తు నింపడం దగ్గర నుంచి రెండు సంఘాలూ అందుకు మళ్లీ చేయి కలపాలి.