చిన్న గేరు ఎంత?

నల్లరేగడి చేల మధ్య చదునుగా సాగిన రోడ్డు కోటప్పకొండ మొదట్లో ఉన్నట్టుండి పైకి లేస్తుంది. కొండవీడు ఘాట్ రోడ్డూ అంతే. పత్తి, మిరప పండే ఈ మైదానంలో పెరిగిన కాళ్లకు ఎక్కుడు అలవాటుండదు. గేర్ల సైకిల్ కొనేటప్పుడు మనవాళ్లు ముందుగా అడిగేది ‘ఎన్ని గేర్లు?’ అని. ‘అన్నిటికన్నా చిన్న గేరు ఎంత?’ అని అడగమంటాను నేను.

పాలక్యాన్లూ గడ్డిమోపులూ మోసిన మన పాత సైకిల్‌నే తీసుకోండి. సాధారణంగా ముందు చైన్‌వీల్‌కు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. చదును మీద హాయి. అదే, వంద మీటర్లకు 8 మీటర్లు లేచే ఎక్కుడులో మామూలు మనిషి వేగం గంటకు 6 కిలోమీటర్లు, అంటే నిమిషానికి 100 మీటర్లు. ఆ లెక్కన నిమిషానికి 18 చుట్లే. ఒళ్లు బరువంతా పెడల్ మీద మోపినా కాలు కిందికి దిగదు, మోకాళ్లు పట్టేస్తాయి. చివరికి దిగి నెట్టుకుంటూ పోవడమే.

ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు, వెనక 14 నుంచి 28 దాకా ఏడు ఉన్న, టైర్లు కాస్త చిన్నవైన సైకిల్ మీద, 24కూ 28కీ చైన్ వేస్తే అదే వేగానికి 57 చుట్లు తిరుగుతాయి. ఆ ఫ్రీవీల్ తీసి 34 పళ్లున్నది బిగిస్తే 69. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది కానీ మోకాలు బతుకుతుంది. ఇంత మేలు చేసే మార్పు ఇంత తక్కువ ఖర్చులో మరోటి లేదు. ఒక్క లోపం: ఇలాంటి చాలా ఫ్రీవీళ్లలో 24 తర్వాత నేరుగా 34 వస్తుంది. గేరు పడగానే కాలు తేలిపోతుంది. నాలుగు చుట్లలో సర్దుకుంటుంది.

ఇక ముందు మూడు, వెనక ఏడు కలిసి అయ్యే 21 గేర్ల మాట. ముందు 24, వెనక 24 వేసినా, ముందు 34, వెనక 34 వేసినా ఫలితం ఒకటే. ఇలా కలిసిపోయేవి తీసేస్తే నిజంగా వేరువేరుగా మిగిలేవి 21 కన్నా బాగా తక్కువ.

పెద్ద ఫ్రీవీల్ వేసేముందు, చైన్‌ను ఒక చక్రం నుంచి మరోదానికి మార్చే వెనక డిరైలర్ దానికి సరిపోతుందో లేదో చూడాలి. ముందు పెద్ద, చిన్న చక్రాల తేడా 18. వెనక తేడా 20. మొత్తం 38 పళ్లకు సరిపడా చైన్‌ను అది లాగిపట్టాలి. పొట్టి చెయ్యి ఉన్న డిరైలర్‌కు అది చేతకాదు, చైన్ వేలాడిపోతుంది. గేరు మార్చడం కూడా ఎక్కుడు మొదలుకాకముందే జరగాలి. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ పళ్ల మీద కటకటలాడి జారుతుంది.

చిన్న గేరు వాడటం చేతకానితనం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం నిర్వాహకులూ అలాగే అనుకుని 1937 దాకా డిరైలర్‌ను రానివ్వలేదు. ఆల్ప్స్ కొండలెక్కే మొనగాళ్లు అన్నేళ్లూ గేరు మార్చాలంటే బండి దిగి, వెనక చక్రం తిప్పి బిగించుకునేవాళ్లు. ఆ పట్టుదల మీద నాకు గౌరవం లేదు.

కొండకు ఎన్నడూ పోనివాళ్లకూ ముందున్న ఆ 24 పళ్ల చక్రం పనికొస్తుంది. ఎండాకాలం పడమటి గాలి లేచినప్పుడు చిలకలూరిపేట నుంచి నరసరావుపేట వైపు ఆ ఎదురుగాలిలో తొక్కి చూడండి.