ప్రళయం తర్వాత కుట్టుపని

ప్రపంచం కూలిపోయాక జరిగే కథ ఏది దొరికినా నేను ముందు పాత్రల కాళ్లకేసి చూస్తాను. చెప్పులున్నాయా, బూట్లున్నాయా? ఉంటే ఎక్కడివి? తెగిపోతే ఎవరు కుడతారు? లోకం ఎలా కూలిందన్నది రచయిత ఇష్టం. అణుబాంబన్నా, వైరసన్నా, వానలు పడలేదన్నా నమ్మేస్తాను. అంతా పోయి పదేళ్లయినా హీరో ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరక్కపోతే మాత్రం నమ్మలేను.

అలా చూస్తే 'కల్కి 2898 ఏడీ' (2024) నన్ను కొంచెం దిగులుపెట్టింది. నాగ్ అశ్విన్ ఊహించిన కాశీ నాకు నచ్చింది. గంగ ఎండిపోయింది. నెత్తిమీద తలకిందుల పిరమిడ్‌లా కాంప్లెక్స్, కింద తిండికీ నీళ్లకీ మొహంవాచిన జనం. అక్కడ భైరవ తిరిగేది ఒంటికి పట్టేసిన నల్లటి కవచంలాంటి డ్రెస్సులో. ప్రభాస్‌కి బాగుంది, కాదనను. కానీ మే నెల మిట్టమధ్యాహ్నం ఉత్తరాదిలో పది అడుగులు నడిచినవాళ్లని అడగండి. ఆ డ్రెస్సులో మనిషి ఫైటు దాకా రాడు, అంతకుముందే వడదెబ్బ తగిలి పడిపోతాడు. ఈ సంగతి డానియల్ డీఫోకి 1719లోనే తెలుసు. రాబిన్సన్ క్రూసో ఉన్నది వేడి దీవిలో, చూసేవాళ్లు ఎవరూ లేరు, అయినా చొక్కా వదలడు. ఉత్త ఒంటితో ఉంటే చర్మం బొబ్బలెక్కుతుంది, వదులు చొక్కా ఉంటే లోపల గాలి ఆడుతుంది అని లెక్క చెబుతాడు. తర్వాత మేకతోళ్లతో కోటూ టోపీ కుట్టుకుని తన వాలకం చూసి తనే నవ్వుకుంటాడు. ఆ నవ్వు మన సినిమాల్లో ఉండదు.

తోలు, బకిళ్లు, భుజాల మీద ఇనుప ముక్కలు... ఈ వేషం 'మ్యాడ్ మ్యాక్స్' సినిమాల నుంచి అందరికీ అంటుకుంది. అక్కడ దానికో పని ఉంది. 'ఫ్యూరీ రోడ్' (2015)కి జెన్నీ బీవన్ కాస్ట్యూమ్స్ ఆస్కార్ గెలుచుకున్నది ఊరికే కాదు. ఆ ఎడారిలో ఎవరి ఒంటి మీద చూసినా పాత సామాను ఏరి తగిలించుకున్న అతుకులే. ఇమ్మోర్టన్ జో బందీలుగా ఉంచిన అయిదుగురు ఆడవాళ్లు మాత్రం పల్చటి తెల్లబట్టల్లో ఉంటారు. వాళ్లు ఎండ మొహం చూడలేదనీ, వాళ్ల చుట్టూ నీళ్లకి కొదవ లేదనీ, వాళ్లని ఒక సొత్తులా దాచారనీ ఆ తెలుపే చెప్పేస్తుంది, డైలాగు అక్కర్లేదు. మనవాళ్లు అక్కణ్నుంచి తెచ్చుకున్నది తోలు మాత్రమే, ఆలోచన కాదు. 'కల్కి'లో నాకు కథ చెప్పిన బట్ట ఒక్కటే, అశ్వత్థామ ఒంటికి చుట్టుకున్న గుడ్డ. మానని పుండు మీద ఎన్ని యుగాలైనా కట్టు కడుతూనే ఉండాలి కదా.

కార్మాక్ మెకార్థీ 'ది రోడ్' (2006)లో అసలు స్టైలే లేదు. పేర్లయినా లేని తండ్రీకొడుకులు ఒక షాపింగ్ బండి తోసుకుంటూ బూడిదలో, చలిలో దక్షిణానికి నడుస్తుంటారు. టార్పాలిన్లు, దుప్పట్లు, దొరికిన కోట్లు, అంతే వాళ్ల ఆస్తి. ఇక్కడ ఒక సీను చెప్పక తప్పదు, చదవనివాళ్లు ఈ పేరా వదిలేయండి. సముద్రం ఒడ్డున ఒకడు వాళ్ల బండి దొంగిలిస్తాడు. తండ్రి వాణ్ని పట్టుకుని, పిస్తోలు గురిపెట్టి, ఒంటిమీది ప్రతి గుడ్డా, బూట్లతో సహా విప్పిస్తాడు. ఆ చలిలో బట్టలు విప్పించడమంటే చంపడమే, చెయ్యి మాత్రం చలిది. పిల్లాడు ఏడుస్తాడు. తర్వాత తండ్రి వెనక్కి వచ్చి వెతికితే వాడు కనిపించడు. బట్టలూ బూట్లూ రోడ్డు మీద కుప్పగా పెట్టి, పైన ఒక రాయి పెట్టి వెళ్లిపోతారు. మనుషుల్ని తినే ముఠాలున్న నవల ఇది. అయినా ఆ రాయి కింద బట్టల కుప్పే నాకు ఎక్కువ భయం వేసిన చోటు.

అయితే మెకార్థీ లోకంలో ఎవరూ కొత్తగా ఏదీ చెయ్యరు, పాతది ఏరుకోవడమే. ఆక్టేవియా బట్లర్ 'పారబుల్ ఆఫ్ ద సోవర్' (1993)లో లారెన్ అలా కాదు. లాస్ ఏంజెలెస్ దగ్గర గోడలు కట్టుకుని బతుకుతున్న చిన్న పేటలో, అందరూ రేపు బాగుపడుతుందని ఎదురుచూస్తుంటే, ఈ టీనేజి పిల్ల రహస్యంగా మూట సర్దుకుంటుంది. అందులో ఒక జత బట్టలు, సబ్బు, సూదీ దారం, నెలసరికి కావలసినవి. ఇన్ని ప్రళయాల్లో నెలసరి గుర్తున్న రచయితలు ఎంతమందో లెక్కపెడితే ఒక చేతి వేళ్లు మిగిలిపోతాయేమో! పేట తగలబడ్డాక లారెన్ మగాడి వేషంలో హైవే ఎక్కుతుంది. వేషమన్నానుగానీ అది వేషం కాదు, బతికి ఉండటానికి వేసుకున్న లెక్క.

ఇవన్నీ ఊహలే. బట్ట కోసం లోకం కూలడం మన దేశంలో నిజంగానే జరిగింది. 1943 బెంగాల్ కరువులో అన్నం లేకపోవడం అందరికీ తెలుసు. ఆ ఏళ్లలో గుడ్డ కూడా దొరకలేదు. కట్టుకోవడానికి ఏమీ లేక ఆడవాళ్లు పగలు ఇల్లు దాటలేని పరిస్థితి. మాణిక్ బందోపాధ్యాయ్ దానిమీదే 'దుశ్శాసనీయ' అనే కథ రాశాడు. అందులో ఆడవాళ్లు చీకట్లో నీడల్లా మసులుతారు. రాబెయా అనే అమ్మాయి చెరువులో పడి చనిపోతుంది. పేరు చూడండి, దుశ్శాసనుడు. ఇక్కడ లాగేవాడు కంటికి కనిపించడు. గుడ్డ పంపే కృష్ణుడూ లేడు.

అందుకే 'కల్కి' మీద నా ఫిర్యాదు ఎండకీ తోలుకీ దగ్గర ఆగదు. అది మహాభారతం భుజమ్మీద నిలబడ్డ సినిమా. కురుక్షేత్రం చూపిస్తుంది, అశ్వత్థామని తెస్తుంది, అస్త్రాలు గుర్తుపెట్టుకుంటుంది. కానీ ఏకవస్త్రగా ఉన్న ఒక మనిషిని సభలోకి ఈడ్చి ఆ ఒక్క బట్టా లాగబోయిన రోజునే కదా ఆ వంశం పతనం ఖాయమైంది! ఆరువేల ఏళ్ల తర్వాత లోకం మళ్లీ కూలితే బట్ట ఎవరికి ఉంది, ఎవరికి లేదు అనేది అడగాల్సిన మొదటి ప్రశ్న. కాశీ చేనేతకి పేరుపడ్డ ఊరు కూడానూ. అంత పెద్ద సెట్టులో నాకు ఒక్క మగ్గం చప్పుడూ గుర్తులేదు.

నిజంగా అలాంటి రోజొస్తే ఏది పనికొస్తుంది? జిప్పు పోతే బాగుచేసుకోలేం, ఎలాస్టిక్ సాగిపోతుంది, ముడి మాత్రం మళ్లీ వేసుకోవచ్చు. పంచెకీ చీరకీ కుట్టు లేదు, సైజు లేదు. గోచీ పోసి కడితే పరిగెత్తనిస్తుంది, విప్పితే పిల్లాడికి ఉయ్యాల, మడత పెడితే నీళ్లు వడకట్టే గుడ్డ. తువ్వాలు సంగతి చెప్పక్కర్లేదు. తెలంగాణ గొర్లకాపరుల గొంగడి వానకి గొడుగు, చలికి ఇల్లు. చింతగింజల గంజి పట్టించి నేసే ఆ ముతక ఉన్నికి కరెంటుతో పనిలేదు. మన సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లకి రోబోలు ఎలా నడుస్తాయో తెలుసు, గొంగడి ఎలా నేస్తారో తెలియదు. కాస్త కటువుగా అంటున్నాను, కానీ అనాలి.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు వడికేవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. సన్నటి ఆ పళ్ల వరస చేసే పని ఎలాంటిదో ఆ నూలు ముట్టుకుంటే తెలుస్తుంది. మరి నది ఎండిపోయిన కాశీలో వాలుగ చేప ఎక్కడిది? అప్పుడు పత్తిని దేంతో దువ్వుతారు? ఎవరైనా ఆ కథ రాస్తే ముందు నేనే చదువుతాను.